ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కొత్త కూర్పు: పొలం మనం వేయాలా, దానంతట అదే పడాలా?

పాత సీడీ (అమలాపురం)

సభ్యులందరికీ నమస్కారం. దసరా సెలవులకు ఇంటికి వచ్చిన మా అబ్బాయి తన ల్యాప్‌టాప్‌లో, ఊరు కట్టి సైన్యం పెంచి ఎదుటివాడిని ఓడించే మన పాత ఆటకు కొత్త కూర్పయిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ తెరిచి, “ఇది మీ కాలం ఆటే కదా నాన్నా, ఒకసారి చూడండి” అని నా ముందు పెట్టాడు. వాడు వెళుతూ ల్యాప్‌టాప్ పట్టుకుపోయాడు గానీ ఆట మీద మనసు మాత్రం నాకు ఇక్కడే ఉండిపోయింది. అందుచేత కొబ్బరి లెక్కల కోసం ఇంట్లో ఉంచిన కంప్యూటరులోనే విడిగా కొని వేసుకుని, మూడు వారాలుగా ఆడుతున్నాను. సంతోషం ఎంత కలిగిందో వెలితి కూడా ఇంచుమించు అంతే కలిగింది. ఆ వెలితిలో న్యాయం ఉందో, లేక అది వయసుతో వచ్చిన చాదస్తమో మీరే చెప్పాలి.

నేను ఈ ఆటను మొదట చూసింది 2001లో, గడియార స్తంభం దగ్గరి సందులో మేడ మీద నడిచిన ఒక నెట్ సెంటర్‌లో. అక్కడ ఆరు కంప్యూటర్లను లాన్‌తో కలిపి ఉంచేవారు. కరెంటు పోగానే యూపీఎస్‌లన్నీ ఒక్కసారిగా కూత పెట్టేవి. ఆ కూత ఆగేలోగా ఆటను సేవ్ చేయగలిగినవాడంటే మా అందరికీ గొప్ప గౌరవం. ఎవరైనా జాగు చేస్తే చాట్‌లో 14 అని కొట్టేవాళ్లం. ఆ అంకె కొడితే ఆటలో ముందే నింపి ఉంచిన ఒక గొంతు పలుకుతుంది. ఇంకా మొదలుపెట్టరేమని స్పీకర్లలోంచి విసుక్కునే ఆ గొంతు కింద కిళ్లీ కొట్టు దాకా వినిపించేది.

ఆ రోజుల్లో నాకు బాగా అబ్బిన విద్య పొలం చూసుకోవడం. ఆటలో మన పనులు చేసిపెట్టే విలేజర్ 60 కలప పెట్టి పొలం వేస్తాడు, అందులో 175 ఆహారం పండుతుంది, అది అయిపోగానే నేల బీడుపడి అతను ఊరికే నిలబడిపోతాడు. సరిహద్దులో ఎంత పెద్ద యుద్ధం జరుగుతున్నా, రెండు నిమిషాలకొకసారి ఇంటి వైపు చూపు తిప్పి, ఏ మడి ఆగిపోయిందో కనిపెట్టి దాన్ని మళ్లీ వేయించాలి. మా జట్టులో నాకంటే వేగంగా మౌసు తిప్పేవాళ్లు ఇద్దరున్నారు గానీ, నా పొలం ఒక్కటి కూడా బీడుపడి ఉండగా వాళ్లు ఎన్నడూ చూడలేదు. అందువల్లనే నేను గెలిచేవాడిని.

కొత్త కూర్పులో మిల్లు దగ్గర ఒక్క బొత్తాం నొక్కితే చాలు, కలప ఉన్నంతకాలం పొలాలు వాటంతట అవే మళ్లీ పడుతూ ఉంటాయి. చుట్టుపక్కల నేల చూసి వచ్చే గుర్రపు సైనికుడు స్కౌట్‌కు ఇంకొక బొత్తాం ఇచ్చారు. అది నొక్కితే గుర్రం తానే పటమంతా తిరిగి వస్తుంది. బంగారం మీద ఎందరు, కలప మీద ఎందరు, ఖాళీగా ఎందరు ఉన్నారో తెర మీద అంకెలు కనబడుతూనే ఉంటాయి. చూడటానికి మాత్రం వంక పెట్టే పని లేదు. కోట కూలేటప్పుడు గోడలు విరిగి రాళ్లు జారిపడే తీరును ఒకసారి పనిగట్టుకుని చూశాను. అయితే నన్ను గెలిపించిన విద్యను బొత్తాంలో పెట్టేసిన తర్వాత ఇది ఆనాటి ఆటే అని ఎలా అనుకోవాలో నాకు తోచడం లేదు.

దాళ్వా (భీమవరం)

పాత సీడీ గారూ, చర్చ ముందుకు సాగే లోపల ఒక్క సవరణ. మీరు ఆ నెట్ సెంటర్‌లో ఆడినది 1999 సెప్టెంబరులో వచ్చిన మొదటి కూర్పు, ఏజ్ ఆఫ్ కింగ్స్ మాత్రమే అయి ఉండాలి. 2000 ఆగస్టులో దానికి అనుబంధంగా కాంకరర్స్ వచ్చినప్పుడే, ఎన్ని పొలాలు మళ్లీ వేయాలో మిల్లులో ముందుగానే వరుస కట్టి కలప చెల్లించే వీలు కల్పించారు. కలప శిబిరం కట్టిన విలేజర్ దిక్కులు చూడకుండా పక్కనున్న చెట్టును తానే నరకడం మొదలుపెట్టడం కూడా అప్పుడే వచ్చింది. అంటే ఆటను తయారుచేసిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్ వారే, ఏడాది తిరగకముందే, మీరు విద్య అంటున్నదాన్ని చాకిరీగా గుర్తించి తగ్గించడం మొదలుపెట్టారు. 2019లో డెఫినిటివ్ ఎడిషన్ తెచ్చినవారు ఆ దారిలోనే మరొక అడుగు వేశారు, అంతే.

నేను నిజంగానే వ్యవసాయం చేసేవాడిని కాబట్టి ఇంకొక మాట. సార్వా కోసి, కుప్ప నూర్చి, దాళ్వాకు నారు పోసేసరికి మనిషి సగమవుతాడు. మా చేనుకు అలాంటి బొత్తాం ఒకటి పెడతామంటే, విద్య పోతుందని మా ఇంట్లో ఎవరూ అడ్డుపడరు.

అయితే ఆ బొత్తాం మీరు అనుకున్నంత అమాయకమైనదేమీ కాదు. అది మిమ్మల్ని అడగకుండా ప్రతిసారీ 60 కలప తీసుకుంటుంది. పంట పెంచేందుకు మిల్లులో చేయించే మెరుగుల్లో మొదటిదైన హార్స్ కాలర్ చేయించకపోతే పొలం 175 దగ్గరే ఆగుతుంది. చేయిస్తే 250, ఆ తర్వాత హెవీ ప్లౌతో 375, క్రాప్ రొటేషన్‌తో 550 పండుతుంది. మిల్లులో ఈ పని చేయించకుండా బొత్తాం మాత్రం నొక్కి వదిలేసినవాడి కలప, పడవలకో ఆర్చర్లకో (విలుకాళ్లకో) అవసరమైన సమయానికి మడుల్లోకి పోయి ఉంటుంది. నేను మొదటి వారం అలాగే మూడు ఆటలు పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఆటలోని నాలుగు యుగాల్లో రెండోదైన ఫ్యూడల్ ఏజ్‌లో దాన్ని ఆపి ఉంచి, మూడోదైన కాజిల్ ఏజ్‌లో రెండో టౌన్ సెంటర్ (విలేజర్లు తయారయ్యే ఊరి ముఖ్య భవనం) లేచాక నొక్కుతున్నాను.

లంక కుర్రాడు (ముమ్మిడివరం)

పెద్దలకు నమస్కారం. ఈ ఆట వచ్చేనాటికి నేను పుట్టనే లేదు; నేను మొదటి నుంచీ ఆడినది డెఫినిటివ్ ఎడిషనే. ర్యాంక్ పోటీలు రోజూ ఆడేవాడిగా స్కౌట్ బొత్తాం గురించి నాకు తెలిసినది చెబుతాను.

తానే తిరిగే గుర్రం నేల చూపిస్తుంది గానీ మనిషిని చదవదు. మొదటి పది నిమిషాల్లో మనకు కావలసింది ప్రత్యర్థి ఏమి ఆలోచిస్తున్నాడనే సమాచారం. ఒక ఆర్చర్‌కు 25 కలప, 45 బంగారం ఖర్చు. స్కౌట్ గుర్రానికి 80 ఆహారం తప్ప మరేమీ అక్కరలేదు. కాబట్టి అతను ఫ్యూడల్ ఏజ్‌కు వెళ్లే వేళకు బంగారం గని పక్కన శిబిరం కట్టి ముగ్గురిని పెట్టాడంటే వచ్చేది బాణాల దాడి అనీ, గని వైపు తొంగి చూడకుండా మందినంతా ఆహారం మీదనే ఉంచాడంటే గుర్రాలు వస్తాయనీ గ్రహించాలి. ఆ గని దగ్గరకు గుర్రాన్ని సరైన నిమిషంలో తీసుకెళ్లడం బొత్తాం చేతగాని పని. పైగా గుర్రంతో జింకలను మెల్లగా తోలుకుంటూ టౌన్ సెంటర్ దగ్గరకు తేవాలి. ఒక్కొక్క జింకలో 140 ఆహారం ఉంటుంది. అందుకే కాస్త ఆడటం వచ్చినవాళ్లెవరూ ఆ బొత్తాన్ని పూర్తిగా నమ్ముకోరు.

పాత సీడీ గారి చేతికి పని లేకపోవడం జరగని పని అని నా అభిప్రాయం. ఒక విలేజర్ తయారవడానికి 25 సెకన్లు, 50 ఆహారం కావాలి. మొదట మన దగ్గర ఉండేది 200 ఆహారం, అంటే నలుగురికే సరిపోతుంది. ఆ నలుగురూ అయ్యేలోగా గొర్రెలను చేర్చాలి, ఇళ్లు లేవాలి, ఆ తర్వాత అడవి పందిని రప్పించాలి. పందిలో 340 ఆహారం ఉంటుంది గనుక దాన్ని వదులుకోలేము. ఒక విలేజర్ వెళ్లి బాణం వేసి, వెనక్కి తిరిగి పరుగెత్తుకుంటూ వస్తుంటే, అది కొమ్ములు దించుకుని టౌన్ సెంటర్ దాకా తరుముకొస్తుంది. ఒక్క క్షణం ఆలస్యంగా క్లిక్ చేస్తే మనిషి పోతాడు. నిన్న రాత్రి కూడా నాకు ఒకడు పోయాడు. ఈ పనికి బొత్తాం ఎవరూ పెట్టలేదు.

పాత సీడీ (అమలాపురం)

దాళ్వా గారి సవరణను అంగీకరిస్తున్నాను. మా నెట్ సెంటర్‌లోకి కాంకరర్స్ చాలా ఆలస్యంగా వచ్చింది. అది వచ్చేనాటికి నేను చదువు ముగించుకుని వ్యాపారంలో పడ్డాను. బాబూ లంక కుర్రాడూ, అడవి పందికి కొమ్ములు ఉండవు, కోరలు ఉంటాయి. మిగిలినదంతా నువ్వు చెప్పినట్టే ఉంది. గుర్రం విషయంలో నీ మాట ఒప్పుకుంటున్నాను, పొలం విషయంలో మాత్రం ఇంకా కాదు.

మేడ మీద గది (కాకినాడ)

ఇన్నాళ్లూ ఈ వేదికను చదవడమే గానీ రాయలేదు. మా ఇంజనీరింగు హాస్టలులో అమ్మాయిలం నలుగురం ఈ ఆట ఆడేవాళ్లం. మా అంతస్తులో లాన్ తీగను కిటికీల మీదుగా మేమే లాక్కున్నాం. విండోస్ 7 వచ్చిన తర్వాత పాత ఆట తెరిస్తే గడ్డి ఊదారంగులోనూ నీళ్లు ఎర్రగానూ కనిపించేవి. పాత ఆట 256 రంగుల పద్ధతిలో ఉండటం వల్ల ఆ తంటా వచ్చేది. టాస్క్ మేనేజర్ తెరిచి ఎక్స్‌ప్లోరర్‌ను ఆపేసి ఆటలోకి వెళితే రంగులు కుదుటపడేవి. ఆట ముగిశాక డెస్క్‌టాప్ మీద ఒక్క బొమ్మా ఉండేది కాదు, మళ్లీ అంతా తెరుచుకోవాలి. ఆ తిప్పలు భరించలేక మానేసినదాన్ని.

నా దగ్గర ఉన్నది ఆఫీసు పనికి కొన్న పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. కొత్త కూర్పు దీనిలో నడుస్తుందా? ఎవరైనా అనుభవం మీద చెబితే మేలు.

లంక కుర్రాడు (ముమ్మిడివరం)

నడుస్తుంది అక్కా, కాస్త ఓపిక కావాలి. 64 బిట్ విండోస్ 10, 4 జీబీ ర్యామ్, 30 జీబీ ఖాళీ స్థలం కనీస అవసరాలుగా చెప్పారు. 1999లో అదే ఆట పెంటియం 166, 32 ఎంబీ ర్యామ్ మీద నడిచిందని చదివినప్పుడు నేను నమ్మలేదు. మీరు ఎన్‌హాన్స్‌డ్ గ్రాఫిక్స్ ప్యాక్ మాత్రం దించుకోవద్దు. అది ఉచితమే గానీ విడిగా ఎక్కించుకునేది, 4కె తెర ఉన్నవారికి పనికొచ్చేది. కంప్యూటరుతో ఆడుకోవడానికి ఇబ్బంది ఉండదు. ర్యాంక్ పోటీలకు రావాలంటే యంత్రం వేగాన్ని కొలవడానికి ఆటలోనే ఉన్న బెంచ్‌మార్క్ పరీక్షలో 1000 దాటాలి. నెమ్మది యంత్రం ఒక్కటి ఉన్నా ఎనిమిది మంది ఆట నత్తనడక నడుస్తుంది కాబట్టి ఆ నియమం మంచిదే.

భీమేశ్వర వీధి (ద్రాక్షారామం)

పొలాల గొడవ మీరు తేల్చుకోండి. 2022 ఏప్రిల్ 28న ఈ కూర్పుకు అనుబంధంగా వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా గురించి ఎవరూ ప్రస్తావించకపోవడం వల్ల నేను రాయవలసి వచ్చింది.

1999లో పదమూడు జాతులతో ఆట మొదలైనప్పుడు అందులో భారతదేశం లేదు. 2013లో ఫర్‌గాటెన్ అనే అనుబంధం వచ్చినప్పుడు దేశమంతటికీ కలిపి “ఇండియన్స్” అని ఒకే ముద్ద చేశారు. ఆ సైనికులు హిందీలో పలికేవారు. 2022లో ఆ ముద్దకు హిందుస్తానీలు అని పేరు మార్చి, బెంగాలీలను, ద్రవిడులను, గుర్జరులను కొత్తగా చేర్చారు. ద్రవిడుల కథగా రాజేంద్ర చోళుడి దండయాత్రలు ఇచ్చారు. మా ఊరి భీమేశ్వరాలయపు స్తంభాల మీద చాళుక్య చోళుల శాసనాలను చూస్తూ పెరిగినవాడిని గనుక, ఎనిమిదో తరగతిలో ఇది దొరికి ఉంటే చరిత్ర పరీక్షకు విడిగా చదవవలసిన అవసరం ఉండేది కాదేమో అనిపించింది.

రాజేంద్రుడు మన డెల్టాకు పరాయివాడేమీ కాదు. ఆయన చెల్లెలు కుందవ్వను వేంగి చాళుక్య రాజు విమలాదిత్యుడికి ఇచ్చారు. వారి కుమారుడే 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజ నరేంద్రుడు. నన్నయ గారి చేత మహాభారతం తెనిగింపజేసిన ఆ రాజుకు రాజేంద్రుడు మేనమామ, ఆపైన కూతురు అమ్మంగదేవినిచ్చి మామ కూడా అయ్యాడు. సవతి సోదరుడు విజయాదిత్యుడు కల్యాణి చాళుక్యుల అండతో సింహాసనానికి అడ్డుపడినప్పుడు, మేనల్లుడి కోసం చోళ సేనలు గోదావరి దాకా రావలసి వచ్చింది. ఆ రాజరాజ నరేంద్రుడి కొడుకే 1070లో కులోత్తుంగుడిగా చోళ సింహాసనం ఎక్కాడు. ఇంతటి మేనరికం నడిచిన నేల మీద కూర్చుని ఆడుతూ, ద్రవిడ సైనికుడిని క్లిక్ చేసినప్పుడల్లా తమిళం ఒక్కటే వినబడటం నాకు కొంచెం చివుక్కుమంది. తెలుగు, కన్నడ, మలయాళ దేశాలన్నీ ఆ ఒక్క పేరులోనే ఇమడవలసి వచ్చింది.

ఇంకొక అభ్యంతరం కూడా ఉంది. ద్రవిడులకు నైట్లు (కవచం తొడిగిన గుర్రపు యోధులు) లేరు, ఉన్నవి ఏనుగులు. మనవాళ్లు ఓఢ్ర రాజులను గజపతులనీ, విజయనగర రాజులను నరపతులనీ పిలుచుకున్నారు కదా. దక్షిణానికి కూడా ఏనుగులను రాసిచ్చినవారు ఆ బిరుదులు చూసి ఉండరు.

లంక కుర్రాడు (ముమ్మిడివరం)

మాస్టారూ, చరిత్ర మీద మీకు ఎదురు చెప్పే చదువు నాకు లేదు. ఆట వైపు నుంచి మాత్రం ద్రవిడులకు నైట్లు లేకపోవడమే వారి అందం. గుర్రపు దళం ఉన్న జాతులన్నీ కాజిల్ ఏజ్‌కు రాగానే ఒకే దారిలో నడుస్తాయి. ద్రవిడులు ప్రతి యుగానికీ మారినప్పుడు 200 కలప ఉచితంగా వస్తుంది. కాల్బలం తయారయ్యే బారక్స్‌లో చేయించే మెరుగులన్నీ సగం ధరకే దొరుకుతాయి. చేపలు పట్టేవారు 15 ఎక్కువ మోస్తారు. వూట్జ్ స్టీల్ అనే వారి ప్రత్యేక మెరుగు చేయిస్తే వారి కత్తికి ఎదుటివాడి కవచం లెక్కలోకే రాదు. కాబట్టి నీళ్లున్న పటం మీద రేవులు పట్టుకుని, నేల మీద కాల్బలంతో నెట్టుకు రావాలి. కాలువలూ పడవలూ కాలినడకా. ఆలోచిస్తే కోనసీమకు ఇంతకంటే అతికే జాతి ఏముంటుంది?

గౌతమి గట్టు (యానాం)

సరిగ్గా ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను. సొంత పటాలు తయారుచేసుకోవడానికి ఆటలోనే ఉన్న సినారియో ఎడిటర్‌లో రెండు నెలలుగా మన డెల్టా పటం గీస్తున్నాను. పాత ఆటలో అతి పెద్ద పటం 240 గడులకు 240 గడులు. దానిలో ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా పెడితే పాయలు పిల్లకాలువల్లా వచ్చేవి. ఇప్పుడు 480కి 480 దాకా వెళ్లవచ్చు గనుక గౌతమి, వశిష్ఠ, వైనతేయ మూడింటినీ విడివిడిగా, ఓడ తిరిగేటంత వెడల్పుతో గీయగలిగాను. మధ్యలో లంకలు వేశాను. ఎడిటర్‌లోని షాలోస్ అనే లోతు తక్కువ నీటి మీదుగా మనుషులూ నడవగలరు, ఓడలూ పోగలవు.  వేసవిలో లంకకు నడిచి దాటే చోట్లన్నీ అలా పెట్టాను. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య మాత్రం లోతైన నీరే ఉంచాను. అక్కడ దాటాలంటే ట్రాన్స్‌పోర్ట్ షిప్ కట్టుకోవలసిందే. పంటు (మనుషులనూ బండ్లనూ దాటించే పెద్ద పడవ) ఎక్కకుండా వశిష్ఠ దాటినట్టు చూపిస్తే నాకే నమ్మకం కలగలేదు.

ధవళేశ్వరం దగ్గర అడ్డంగా రాళ్ల వరుస వేసి ఆనకట్ట కూడా పెట్టాను. ఎవరైనా ఆడి చూస్తామంటే పంపుతాను.

భీమేశ్వర వీధి (ద్రాక్షారామం)

ఆనకట్ట తీసేయండి. కాటన్ దొర ఆ పని 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. రాజేంద్రుడు, రాజరాజ నరేంద్రుడు తిరిగే పటంలో అది ఉంటే నేను ఆడను.

గౌతమి గట్టు (యానాం)

తీసేశాను మాస్టారూ. గోదావరి బోసిగా కనిపిస్తోంది.

మేడ మీద గది (కాకినాడ)

ల్యాప్‌టాప్‌లో ఎక్కింది. దించుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. ఆర్ట్ ఆఫ్ వార్ అని ఇచ్చిన పాఠాలను వరుసగా చేస్తున్నాను. విలేజర్లను ఎక్కడ ఎందరిని పెట్టాలో నేర్పే మొదటి పాఠంలోనే కంచు పతకం మాత్రమే వచ్చేసరికి, హాస్టలులో నేను గెలిచిన ఆటలన్నీ ఎదుటివారి పుణ్యమేనని అర్థమైంది.

పాత సీడీ గారి ప్రశ్నకు వస్తాను. పాత వ్యూహ క్రీడలను మళ్లీ తెచ్చినవాళ్లు అందరూ ఒకే దారి పట్టలేదు. 2017లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ రీమాస్టర్డ్‌లో బొమ్మలను మార్చారు, నియమాలను తాకలేదు. ఒకేసారి పన్నెండు మందికి మించి ఎంచుకోలేని 1998 నాటి హద్దును కూడా అలాగే ఉంచారు. ఎఫ్5 నొక్కితే పాత బొమ్మలు వస్తాయి. అక్కడ పోటీ ఆటగాళ్ల వేళ్ల వేగమే ఆటకు ప్రాణం గనుక వారు దాన్ని తాకి ఉంటే గొడవ అయ్యేది. 2020 జూన్‌లో వచ్చిన కమాండ్ అండ్ కాంకర్ రీమాస్టర్డ్ కూడా ఇంచుమించు ఆ దారిదే. పైగా ఆట లోపలి కోడ్‌లో కొంత భాగాన్ని అందరికీ విడుదల చేశారు. అదే ఏడాది జనవరిలో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్‌డ్ మాత్రం పాత ఆట కొనుక్కున్నవారి మీద కూడా కొత్తదాన్నే రుద్దింది. మెచ్చనివారికి వెనక్కి వెళ్లే దారి మూసేయడం వల్లనే దానికి అంత చెడ్డపేరు వచ్చిందని నేను అనుకుంటాను.

మన ఆట ఈ రెండు దారులకూ నడుమ ఉంది. నియమాల్లో చేయి పెట్టింది గానీ పెట్టిన చేతిని బొత్తాం రూపంలో మనకే వదిలేసింది. నొక్కకుండా ఉండే స్వేచ్ఛ మీకు ఉంది కదా, అటువంటప్పుడు వెలితి ఎందుకు?

పాత సీడీ (అమలాపురం)

అమ్మా, మీరు చెప్పిన స్వేచ్ఛ కంప్యూటరుతో ఆడినప్పుడు ఉంటుంది. ఎదుటివాడు నొక్కి, నేను నొక్కకుండా ఉంటే అది స్వేచ్ఛ కాదు, ఒక చేయి కట్టుకుని కుస్తీ పట్టడం. అయినా ఈ మాటలతో తేలేలా లేదు. లంక కుర్రాడికి నా సవాలు: గౌతమి గట్టు గారి పటం మీద, ఇద్దరమూ రెండు బొత్తాలనూ తాకకుండా ఒక ఆట ఆడదాం. నేను ఫ్రాంకులను తీసుకుంటాను. మిల్లు మెరుగులన్నీ వారికి ఉచితం గనుక నా పొలాల సంగతి నేను చూసుకోగలను.

లంక కుర్రాడు (ముమ్మిడివరం)

ఆయ్, తప్పకుండా. నేను ద్రవిడులు. శనివారం రాత్రి తొమ్మిదింటికి.

దాళ్వా (భీమవరం)

ప్రేక్షకుడిగా కూర్చుని మొత్తం చూశాను కాబట్టి, జరిగింది జరిగినట్టుగా రాయమని ఇద్దరూ నన్నే అడిగారు.

మొదటి ఇరవై నిమిషాలు పాత సీడీ గారివే. ఆయన పొలాలు పద్దెనిమిది. ఒక్కటి కూడా పది సెకన్లకు మించి బీడుగా ఉండగా నేను చూడలేదు. అవతల కుర్రాడి ఊళ్లో మాత్రం దయనీయంగా ఉంది. పుట్టినప్పటి నుంచీ బొత్తాం మీద ఆధారపడినవాడు కావడంతో, ఒక దశలో తొమ్మిది మడులు ఆగిపోయి తొమ్మిదిమంది విలేజర్లు ఎండలో నిలబడి ఉంటే, అతను లంక చివర రేవు కట్టే పనిలో మునిగిపోయాడు. తెర మీద ఖాళీ విలేజర్ల అంకె తొమ్మిది చూపిస్తున్నా కంటికి ఆనలేదు.

ఆ సమయంలోనే ఆట ఆగింది. మా వీధిలో కొబ్బరి లోడు లారీ ఒకటి కిందికి వేలాడుతున్న ఫైబర్ తీగను తెంపుకుని పోయింది. నేను బయటికి నెట్టబడ్డాను. ఫోన్ చేస్తే వాళ్లిద్దరూ ఆటను సేవ్ చేసి నా కోసం నలభై నిమిషాలు ఆగారు. నెట్ కనెక్షన్ ఇచ్చినవారు మర్నాడు చూస్తామనడంతో మొబైల్ డేటా మీద వచ్చి, ఆపిన చోటి నుంచే చూశాను.

కుర్రాడు పొలాల మీద ఆశ వదిలేసి చేపల మీద పడ్డాడు. ద్రవిడుల పడవలు 15 ఎక్కువ మోస్తాయి కదా, మూడు రేవుల నుంచి ఇరవై పడవలు వైనతేయ మొగ దాకా తిరిగాయి. యుగం మారినప్పుడు వచ్చిన 200 కలప కూడా పడవలకే పెట్టాడు. పాత సీడీ గారు గట్టు మీద ఒక కోట కట్టి నదిని కాచుకుందామనుకున్నారు. ఫ్రాంకులకు కోట చవకే. అయితే కోట లేవడానికి పట్టిన సమయంలో, వశిష్ఠ మీదుగా పంటులో, అంటే ట్రాన్స్‌పోర్ట్ షిప్‌లో, ద్రవిడుల ప్రత్యేక కాల్బలమైన ఉరుమి కత్తివాళ్లు పదిహేనుమంది దిగి నేరుగా పొలాల్లోకి నడిచారు. పాత సీడీ గారు ఆ నిమిషంలో కూడా పొలాల వైపే చూస్తున్నారు. ఒక మడి ఆగిపోతే దాన్ని మళ్లీ వేయించి, ఆ తర్వాత విలేజర్లను భవనాల్లోకి దాచే టౌన్ బెల్ కొట్టారు. ఆ రెండు సెకన్లలో పదకొండుమంది పోయారు.

పాత సీడీ (అమలాపురం)

పదకొండు కాదు, తొమ్మిది. రికార్డు తెరిచి రెండుసార్లు చూశాను. మడి వేయించిన తర్వాత గంట కొట్టిన మాట నిజం. చేయి అలవాటు కొద్దీ ముందు అటే పోయింది. కలప 60 తగ్గిన చప్పుడు విని తృప్తి పడ్డాను కూడా.

రేపు రాత్రి తొమ్మిదింటికి మళ్లీ ఆడదాం. ఈసారి పొలాల బొత్తాం ఇద్దరమూ నొక్కుకుందాం. గుర్రాన్ని మాత్రం నేనే తిప్పుకుంటాను.

లంక కుర్రాడు (ముమ్మిడివరం)

అలాగే అంకుల్. గది నేను తెరిచి ఉంచుతాను. పొలాల పక్కన ఈసారి గోడ కట్టుకోండి.

భీమేశ్వర వీధి (ద్రాక్షారామం)

నన్ను కూడా ప్రేక్షకుడిగా చేర్చండి. ఆనకట్ట లేదు కదా?

గౌతమి గట్టు (యానాం)

లేదు మాస్టారూ. తొమ్మిదయ్యాక ఒక్క నిమిషం ఆలస్యమైనా నేను 14 కొడతాను.